నూనె లేని తల

నా వెంట్రుకల గురించి మా ఇంట్లో ఎవరైనా మంచి మాట చెప్పగా నేను వినలేదు. అమ్మ జడ పిడికిట్లో పట్టేది కాదు. అక్క జడ నడుము దాటి ఊగేది. నాకు మాత్రం ఎక్కడి నుంచి వచ్చాయో, సన్నటి మెత్తటి వెంట్రుకలు. అటు నిటారుగా ఉండవు, ఇటు ఉంగరాలూ తిరగవు. సగం దాకా బుద్ధిగా వచ్చి, అక్కడ కొంచెం వంపు తిరిగి, మళ్లీ మనసు మార్చుకున్నట్టు కిందికి జారిపోతాయి. జడ అల్లితే చివరికొచ్చేసరికి చిటికెన వేలంత మిగిలేది. అక్క దాన్ని ఎలక తోక అనేది. అన్నప్పుడల్లా దాని జడ పట్టి లాగి వదిలేదాన్ని.

ఆ ఎలక తోకే ఒకసారి నా డిగ్రీ చదువుకు ఎసరు పెట్టింది.

మాది చిలమత్తూరు దగ్గర పల్లె. తొంభైల చివర్లో మా ఊరి నుంచి డిగ్రీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. హిందూపురం కాలేజీ, అక్కడే హాస్టలు. నాయన శెనక్కాయ వేసి వాన కోసం ఆకాశం చూసే రైతే గాని, నలుగురు తగాదా తీర్చమని మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. అందుకే ఆయనకు నలుగురి మాట అంటే భయం. ఆడపిల్లను ఊరు దాటించొద్దని ఎంతమంది చెప్పినా వినకుండా నన్ను బస్సెక్కిస్తూ ఒక్కటే చెప్పాడు. "సదువుకో. ఉద్యోగం చెయ్యి. నలుగుర్లో నా తల దించే పని మాత్రం చెయ్యొద్దు." నేను టీచరు కావాలనుకున్నాను. తలూపి బస్సెక్కాను. ఆయన తలకూ నా తలకూ ముడి పడుతుందని అప్పుడెవరికి తెలుసు?

మా వైపు తలకు నూనె పెట్టకపోవడం చిన్న సంగతి కాదు. ఇంట్లో చావు జరిగితేనే ఆడవాళ్లు నూనె మానేసి జుట్టు వదిలేస్తారు. మామూలు రోజుల్లో నూనె లేని తలతో వీధిలోకి వస్తే, ఎదురుపడిన వాళ్లు ముందు అడిగేది "ఎవురు పోయినారు?" అనే. కాబట్టి ఎండాకాలమైనా, వంటికి చెమట జిడ్డు పట్టినా, తల మీద నూనె మెరవాల్సిందే. ఆ పని మా జేజిది. జేజి అంటే నాయన తల్లి. ఆమెకు నా మీద ప్రేమ ఎంతుండేదో ఆముదం అంత పోసేది. మందపాటి జుట్టు ఉన్నవాళ్లు ఎంత నూనైనా తాగేస్తారు. నా సన్నటి వెంట్రుకలు తాగలేక మునిగిపోయేవి. కుంకుడుకాయ ఎంత రుద్దినా సగం ఆముదం అక్కడే ఉండేది. దాని మీద మా వూరి ఎర్రదుమ్ము వచ్చి కూర్చునేది. అద్దంలో చూసుకుంటే దూడ నాకినట్టుండేది నా తల.

హాస్టలుకు వచ్చాక మొట్టమొదటి సారి నా తల నా చేతికొచ్చింది. నా గదిలో కుందుర్పి నుంచి వచ్చిన పిల్ల ఉండేది. దాని జుట్టు పొద లాంటిది, దువ్వెనలు విరిగేవి. నా తల చూసి రోజూ ఏదో ఒక వైద్యం చెప్పేది. దాని మాట విని ఒక ఆదివారం గుడ్డు కొట్టి తలకు పట్టించి, పొగలు కక్కే వేణ్నీళ్లు పోసుకున్నాను. గుడ్డు తల మీదే ఉడికింది. రెండు రోజులు వెంట్రుకల్లోంచి తెల్లటి ముక్కలు ఏరుకున్నాను. అది మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. "నాకు బాగనే పని చేసిందమ్మే. నీ తల పొయ్యి మాదిరి ఉంటే నేనేం చేసేది?" అంది.

గోరింటాకు పెడితే గడ్డి అయింది. స్నానం సబ్బు రుద్దితే, హాస్టలు బోరు ఉప్పు నీళ్లకు అది నురగ రాక తెల్లటి పొట్టులా తలకు అతుక్కుంది. టీవీలో నల్లటి జలపాతాలు చూపించి అమ్మే షాంపూ ప్యాకెట్టు తెచ్చాను. మీగడలా చిక్కగా, ముత్యం రంగులో ఉండేది. వాసన కమ్మగానే ఉంది గాని, ఆరేసరికి వెంట్రుకలు మాడుకు అంటుకుపోయి, ఉన్న ఆ కాస్త వంపూ పోయింది. నాకు ఏడుపొచ్చింది. ముక్కు మీద కోపం కదా, ప్యాకెట్టు తీసుకెళ్లి ఫ్యాన్సీ స్టోరు వాడితో గొడవ కూడా పెట్టుకున్నాను. "అది గట్టి ఎంటికలకమ్మా" అని వాడు మూల నుంచి ఎవరూ కొనని ఒక ప్యాకెట్టు తీసి నా మొహాన పడేశాడు, పీడ వదిలితే చాలని. లోపల ఆకుపచ్చ నీళ్లలా పలచగా, అవతలి వేలు కనిపించేంత తేటగా ఉంది. మోసపోయాననుకుంటూనే వాడాను.

అదే నా తలకు పడింది. ఆ తర్వాత మిగతావి ఒక్కొక్కటే తెలుసుకున్నాను. షాంపూ నేరుగా నెత్తిన పోయకుండా చెంబు నీళ్లలో కలపాలి. మాడు మాత్రమే రుద్దాలి, కిందికి జారే నురగ చివర్లకు సరిపోతుంది. నూనె మానక్కర్లేదు, తలంటుకునే ముందు నాలుగు చుక్కల టెంకాయ నూనె చివర్లకు రాస్తే చాలు. ఉప్పు నీళ్ల పొట్టు పోవడానికి ఆఖరి చెంబులో నిమ్మచెక్క పిండాలి. తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు చీర ముక్కతో అద్ది, దువ్వెన ముట్టకుండా వేళ్లతో విడదీసి వదిలేయాలి. అప్పుడు చూడాలి నా తల! వెంట్రుకలు లేచి నిలబడేవి, సగం దాకా వచ్చి అందంగా వంపు తిరిగేవి. కుందుర్పి పిల్ల కూడా నోరు మూసుకుంది.

రెండువేల సంవత్సరం దాటి, నేను అనంతపురంలో కాపురం పెట్టేసరికి అంగళ్ల నిండా సీసాలొచ్చాయి. కండిషనర్లని, సీరంలని ఏవేవో. నేను ఇప్పటికీ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తాను. అవతలి బల్బు కనిపిస్తే బుట్టలో వేస్తాను, కనిపించకపోతే ఎంత పేరున్నదైనా పక్కన పెడతాను. కండిషనరు చిటికెడు, అదీ చెవుల కింది నుంచే. అంగడి పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఇక ఎసరు సంగతి. అది డిగ్రీ ఆఖరి సంవత్సరం. జేజి వాకిట్లో జారిపడి కాలు విరిగి మంచం పట్టింది. ఒక శనివారం ఆమెను చూడ్డానికి బయల్దేరాను. పొద్దున్నే తలంటుకుంటే షాంపూ కంట్లో పడి కళ్లు ఎర్రబడ్డాయి. బొట్టుబిళ్ల స్నానాల గది తలుపుకు అతికించి మరిచిపోయాను. జుట్టు తడిగా ఉందని వదిలేసుకుని బస్సెక్కాను. ఊళ్లోకి వచ్చే ముందు ముడేసుకుందామనుకుని కిటికీ గాలికి నిద్రపోయాను. కండక్టరు అరిస్తే ఉలిక్కిపడి లేచి, అట్లాగే దిగి ఇంటికి పరుగెత్తాను. అదే బస్సులో వెనక సీట్లో మా పెద్దమ్మ, అంటే నాయనకు వదిన వరస, పక్క ఊరికి పోతూ ఉంది. నేను ఆమెను చూడలేదు. ఆమె నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

మర్నాడు పొద్దున్నే ఆ పక్క ఊరి నుంచి ట్రాక్టరు నిండా జనం మా ఇంటి ముందు దిగారు. అందరికంటే ముందు పెద్దమ్మ, చేతిలో పూలదండతో. వీధి మొదట్లోనే రాగం అందుకుంది. "ఓ యమ్మా, మమ్మల్నందర్నీ ఇడ్సిపెట్టి పోతివా! నీ చేతి సంగటి ఇంగ యాడ తింటామే!"

పంచలో మంచం మీద కాఫీ తాగుతున్న జేజి తల ఎత్తింది. "ఎవురే అది, పొద్దున్నే గొంతు చించుకుంటాండేది? నేను ఈడనే ఉండానే!"

పెద్దమ్మ ఏడుపు సగంలో ఆగిపోయింది. దండ చేతిలోనే ఉంది. వీధి వీధంతా గుమికూడింది. ముందు నవ్వింది ఎవరో తెలియదు గాని, ఆ నవ్వు నాయన చెవిన పడింది.

"నీ కూతురు బస్సు దిగతాంటే నా కండ్లతో సూసినాను మర్దీ," పెద్దమ్మ తనను తాను కాపాడుకుంది. "తలకు నూన్యా లేదు, మొగాన బొట్టూ లేదు, కండ్లు ఎర్రగా ఉబ్బినాయి. ముసలామె చూస్తే మంచంలో ఉండాది. నేనేమనుకోవల్ల?"

నాయన నా వైపు తిరిగాడు. "సదివింది సాలు. ఇంగ హాస్టలూ లేదు, ఏమీ లేదు. నా తల్లి బతికుండంగానే దండలు తెప్పించినావు. నలుగుర్లో నా తల యాడ పెట్టుకోవల్ల?"

పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. ఈ ఒక్క సంవత్సరం గట్టెక్కితే ఆ తర్వాత టీచరు చదువు. "నూనె పెట్టుకోకపోతే సదువు మాన్పిస్తావా నాయనా?" అన్నాను.

"ఒరేయ్," అంది జేజి మంచం మీది నుంచి. "పోయింది నేనా, నువ్వా? నాకు లేని ఏడుపు నీకేల? వాళ్లు ఏడ్సింది నేను ఇన్న్యా. బాగనే ఏడ్సినారు. నేను పోయినాక నా కోసం ఏడ్సేవాళ్లు ఉండారని తెలిసింది, నాకు సంతోషమే. ఆ దండ ట్రాక్టరుకు ఏయండి, వాడిపోతాది. వచ్చినోళ్లకు అన్నం పెట్టండి." ఆ తర్వాత నన్ను పిలిచింది. "నువ్వు ఇట్ల రా. తల సూపీ."

వంగాను. ముడతల వేళ్లు నా వెంట్రుకల్లోకి పోయి చాలాసేపు అక్కడే ఉండిపోయాయి. "మెత్తగుండాదే," అంది నెమ్మదిగా. "ఏం పెడతాండావో అదే నాకూ పెట్టు. కాలు ఇరిగినప్పట్నుంచి తలకు నీళ్లు లేవు, గీరుకోలేక సస్తాండా."

మా ఊరి బోరు నీళ్లు ఇంకా ఉప్పని, నురగ రాదని నేను నసుగుతుంటే అమ్మ లోపలికి పోయి మంచినీళ్ల బిందె ఎత్తుకొచ్చి నా పక్కన పెట్టింది. ఊరవతల ట్యాంకరు దగ్గర నిలబడి, మోసి తెచ్చిన నీళ్లవి. "తాగే నీళ్లతో తల కడుగుతారా?" అని నాయన ఒంటికాలి మీద లేచాడు. ఎన్నడూ ఎదురు చెప్పని అమ్మ, బిందె మీద చెయ్యి తీయకుండానే అంది. "మోసేది నేనే గదా. మళ్ల తెస్తాలే." నాయన తువ్వాలు భుజాన వేసుకుని చేనికి వెళ్లిపోయాడు.

జేజి తలను మంచం అంచుకు జరిపి, కింద తొట్టి పెట్టి, నా సంచిలోని ప్యాకెట్టు చింపాను. మొదటి నీళ్లు కషాయంలా దిగాయి. రెండోసారికి నురగ వచ్చింది. నిమ్మచెక్క పిండి, గుడ్డతో అద్ది, ఆమెను దిండ్లకు ఆనించి ఎండలో కూర్చోబెట్టాం. పెళ్లయినప్పటి నుంచి తలంటిన రోజు కూడా తడి ఆరకముందే ఆముదం పెట్టి ముడేసుకున్న మనిషి. ఆ వెంట్రుకలు పూర్తిగా ఆరగా ఇంట్లో ఎవరం చూడలేదు.

ఆరాయి. తెల్లగా, పలచగా లేచి, సగం దాకా వచ్చి, అచ్చం నావి తిరిగినట్టే తిరిగాయి. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అక్క నా వైపు, జేజి వైపు మార్చి మార్చి చూసింది. అన్నం తింటున్న పెద్దమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, నా చెవిలో "ఏం పెట్టినావమ్మే?" అని అడిగింది.

మధ్యాహ్నం నాయన తిరిగొచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు. "నీ ఎంటికలు ఇట్లుంటాయామ్మా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

"నాకూ తెల్దురా," అంది జేజి. "పెండ్లికి ముందు ఎట్లుండెనో మర్సిపోయినా. ఈ పిల్ల పుణ్యాన సూస్తాండా. దాన్ని మాత్రం బస్సెక్కించు."

ఆయన తువ్వాలు దులుపుకుని అన్నానికి లోపలికి పోయాడు. నన్ను బస్సెక్కిస్తాడో లేదో ఆ సాయంత్రమంతా తేలలేదు. వెంట్రుకలదేముంది, చదువు ముఖ్యమనుకున్నాను. సోమవారం తెల్లవారి నేనే ఆముదం సీసా తీసి తలంతా పోసుకున్నాను. బిగించి జడ వేసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, నాయన ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నా సంచి అప్పటికే భుజానికి తగిలించుకుని ఉన్నాడు. నా తల చూసి ముందు నడిచాడు.

బస్సు దుమ్ము కనిపించాక సంచి నా చేతికిచ్చాడు. "మీ జేజికి ఆ ప్యాకెట్లు తీసుకురా," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. నేను సరేనన్నాను. బస్సు ఆగింది. మెట్టు ఎక్కుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"వచ్చే వారం ఈ జిడ్డు పెట్టుకొని రావద్దు. నీ మాదిరి నువ్వు రా. ఎవురన్నా అడిగితే, మా ఇంట్ల అందరూ బాగుండారని నేను చెప్తా."