తాటాకు పిట్ట కళ్లు

పోయిన నెల మా ఆయన ఎనుమాముల మిర్చి మార్కెట్టు నుంచి మిట్టమధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిర్చి ఘాటు కాబోలు అనుకుని నీళ్ల చెంబు అందించాను. అందుకోకుండా గడపలోనే కూలబడి "అక్క పోయింది" అన్నాడు. హనుమకొండ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మా వదిన, పొద్దున చాయ్ తాగుతూనే ఒరిగిపోయిందట. నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇక నా భయాలు ఎవరితో చెప్పుకోవాలి?

నేను పుట్టు పిరికిదాన్ని. ఉరిమినా గుండె జారుతుంది, తలుపు కొట్టుకున్నా జారుతుంది. కాపురానికొచ్చిన కొత్తలోనే వదిన అది కనిపెట్టింది. "భయపడుడు బంద్ చెయ్యకు పిల్లా, కాకపోతే నాకు చెప్పి భయపడు" అనేది. నవ్వేది గాని వెక్కిరించేది కాదు.

కాలేజీ తోట ఆమె ప్రాణం. చెట్లకు పేర్ల బిళ్లలు కట్టి ఊరుకునే రకం కాదు. కాలానికొక తీరుగా తన విద్యార్థినులతో ఆ తోటలో బొమ్మలు కట్టించేది. వానాకాలం వెదురుతో, పచ్చగడ్డితో ఏనుగులు. ఎండాకాలం రాలిన ఆకులతో మనిషెత్తు గుడ్లగూబ. చలికాలం కొమ్మకొమ్మకూ తాటాకు పిట్టలు. ఆదివారాలు ఊళ్లోవాళ్లు పిల్లాపాపలతో చూడడానికి వచ్చేవారు. ఆ గుడ్లగూబ వెనక ఏ పాము చుట్టుకుని ఉందోనని నాకు దడ. వదినేమో చెప్పుల్లేకుండా తిరిగేది.

ఇది డెబ్బైల చివరి మాట. ఆ చలికాలం పిట్టలకు కళ్లుగా గురిగింజలు పెట్టింది. పరకాల దగ్గర పొలాల కంచెల్లో ఏరి తెచ్చి తుమ్మబంకతో అంటించింది. ఎర్రటి గింజ, దాని మీద నల్లటి మచ్చ. పిట్టలు నిజంగా మనవైపే చూస్తున్నట్టుండేవి. నా బిడ్డకు అప్పుడు నాలుగేళ్లు. వదిన దాన్ని చంకనేసుకుని తోటంతా చూపించి, కిందికి దించి, ఎవరో పలకరిస్తే అటు తిరిగింది. మళ్లీ ఇటు చూసేసరికి కింది కొమ్మ మీద పిట్టకు రెండు కళ్లూ లేవు.

"గింజలేవి బిడ్డా?"

అది నోరు తెరిచి చూపించింది. నోట్లో ఏమీ లేదు.

వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొరికినవా, మింగినవా? చెప్పు నా తల్లి, కొరికినవా?" అని దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బిడ్డ రెండింటికీ తలూపింది.

గురిగింజ అట్లాగే మింగితే అట్లాగే బయటికి వస్తుందని, పెంకు పగిలితే విషమని దవాఖానకు పోయే రిక్షాలో వదినే చెప్పింది. నా దగ్గర దాచలేదు. "నా బొమ్మ, నా గింజ. దీనికేమన్నయితే నేను బతుక పిల్లా" అంది. అంతవరకూ నేను భయపడితే ఆమె ధైర్యం చెప్పేది. ఆ రిక్షాలో చెప్పేవాళ్లు లేరు.

దవాఖానలో డాక్టరు కడుపు నొక్కి చూసి, కనిపెట్టుకుని ఉండడం తప్ప మార్గం లేదన్నాడు. వాంతి అయినా నెత్తురు పడినా వెంటనే చెప్పమన్నాడు. బిడ్డ దగ్గితే చాలు ఇద్దరం దిగ్గున లేచి నిలబడేవాళ్లం. అది మాత్రం పక్క మంచం అవ్వ దగ్గర బిస్కెట్లు అడిగి తింటోంది. మర్నాడు బిడ్డ దొడ్డికి కూర్చున్నప్పుడు వదిన నన్ను దగ్గరికి రానివ్వలేదు. కాలేజీలో అడుగు పెడితే అందరూ లేచి నిలబడే మేడమ్ వేపపుల్లతో అదంతా కెలికి వెతికింది. ఒక గింజ దొరికింది, పగలకుండా. కడిగి అరచేతిలో పెట్టి నాకు చూపించింది.

రెండోది దొరకలేదు. ఆ తర్వాత కూడా దొరకలేదు. బిడ్డ ఆడుతూనే ఉంది కాబట్టి ఇంటికి పంపేశారు. "ఫికర్ జెయ్యకు. ఇన్ని దినాలాయె, ఇగ ఏంగాదు" అంది వదిన. తలూపానే గాని నేను నమ్మలేదు. బిడ్డ కడుపునొప్పి అంటే చాలు, పేగుల్లో ఎక్కడో ఆ గింజ పగులుతోందనిపించేది. వదిన ఏదో ఒక సాకుతో బస్సెక్కి వస్తూ ఉండేది. వచ్చీరాగానే బిడ్డను ఒళ్లోకి లాక్కుని నాలుక, గోళ్లు చూసేది. ప్రేమకొద్దీ అనుకున్నాను.

వానలు పడ్డాక ఒకరోజు బిడ్డను తీసుకుని తోటకు రమ్మని కబురు పంపింది. ఎందుకో చెప్పలేదు. దారంతా బిడ్డ చెయ్యి వదల్లేదు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, పిట్ట కళ్లు పోయిన ఆ కొమ్మ కిందికి లాక్కుపోయింది. గడ్డిలో జానెడు తీగ, చింతాకులాంటి సన్నని ఆకులతో.

"గురిగింజ తీగ" అంది. "ఈ తోటల ఇంకోటి లేదు. తక్కిన పిట్టల కండ్లన్నీ దవాఖాన నుంచి వచ్చిన దినమే నా చేతులతోని తీసేసిన. రెండోది మింగలే పిల్లా, ఈడ్నే పారేసింది."

"మరి ఏంగాదంటివి గద వదినె?"

"పుస్తకం ప్రకారం ఏంగాదు. నా పాణం పుస్తకం చదువలే గద."

ఆ మాట అని బురదలోనే చతికిలబడింది. గోళ్లతో మట్టి తవ్వి, తీగను వేరుతో సహా పైకి తీసి, ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అన్నాళ్లూ నాకు ధైర్యం చెప్పి, తన భయం తను ఒక్కతే మోసింది. నేను పక్కన కూర్చున్నాను. వాన మొదలైంది. నా బిడ్డ గౌను అంచు ఎత్తి ఆమె మొహం తుడుస్తోంది. తుడిచినకొద్దీ తడుస్తోంది.