రాజుగాడి సర్టిఫికెట్టు

ఈ పరువుతక్కువ కథ ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు గనక. అరవయ్యో ఏట అక్షరాలు పట్టుబడ్డాయి. పట్టుబడగానే ముందు నా పరువే తీసుకుంటున్నాను, చూడండి.

యాంగోన్‌లో, మేముండే తామ్వే పేటలో మా మనవరాలు నీలకి బడి ఇంట్లోనే. పొద్దున్నే మా అమ్మాయి గౌరి పాఠం చెప్పి ఉద్యోగానికి పోతుంది. ఆ తర్వాత కాపలా నాది.

"ఆఫీసోళ్లు ఏటైనా పేచీ పెడితే పిల్లని మాండలే హాస్టల్లో ఎయ్యడమే," అంది గౌరి ఒకరోజు. నీల లేని ఇల్లు ఉప్పు లేని చారు!

ఇంటి చదువు రూల్సు కనుక్కుందామని విశాఖలో వదినకి ఫోన్ చేశాను.

"కాగితాలేటి? తిన్నగా పరీక్ష రాయించీడమే."

మలేసియాలో చెల్లికి చేశాను.

"ఓలమ్మ! ఇక్కడ పర్మిషన్ కావాల, అప్పా. ముద్దరేసిన కాగితం లేకపోతే ఊరుకోరు."

ఊరికో రూలు. మరి యాంగోన్‌లో? ఇక్కడ ఎవరినీ అడగలేదు. అడిగితే నేను అప్పలమ్మనెందుకవుతాను!

బీరువా వెతికితే గులాబీరంగు కాగితం దొరికింది. ఏనుగు పాదమంత ముద్ర. గౌరి పర్మిషన్ తెచ్చే ఉంటుందనుకుని, గోడకి అంటించి, బొట్టు పెట్టి, పూలదండ వేశాను.

రెండోరోజు వార్డు ఆఫీసు పెద్దమనిషి వచ్చి, బర్మావాళ్ల మర్యాద ప్రకారం పేరుకి ముందు 'దో' తగిలించి పలకరించాడు.

"దో అప్పలమ్మా, ఇంట్లో ఎవరెవరు..."

ముగించనిస్తేగా! నాకొచ్చిన బర్మా భాషంతా గుమ్మరించాను. "పిల్ల ఇంట్లోనే చదువుతుంది. పర్మిషనుంది. చూడండి!"

ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. "పేరు రాజు. వయసు మూడేళ్లు. తోక పొట్టి."

నేను నీల వెనక్కి తొంగి చూశాను.

"పిచ్చికుక్క రోగం రాకుండా సూది వేశాం. ఏటా తీసుకురావాలి."

మంచం కింద మా కుక్క రాజుగాడు ఉన్న తోక కాస్తా ఆడించాడు.

"అమ్మమ్మా, నాకూ సూదేస్తారా?" అని నీల ఏడుపు.

పెద్దమనిషి గోడ పట్టుకుని నవ్వాడు. "నేనొచ్చింది ఇంట్లో ఎంతమందో రాసుకోడానికమ్మా. పిల్ల చదువు నా పని కాదు." వెళ్తూ మెల్లగా అడిగాడు: "మరి మీరు చదవలేదా దీన్ని?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదవకుండానే పోయింది.

సాయంత్రం విని గౌరి నవ్వలేక నేలమీద దొర్లింది. "ఈ బడిలో ఇంకో పిల్లని సేర్చుకోవాల," అంది నన్ను చూపించి. హాస్టలు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ దండ తీసి రాజుగాడి మెడలో వేసి, వాడి సాక్షిగా ఒట్టేసుకున్నాను: చదవని కాగితానికి చచ్చినా బొట్టు పెట్టను.

మర్నాడు పొద్దున్నే పలక పట్టుకుని నీల ముందు కూర్చున్నాను. టీచరమ్మ నీల బెత్తంలా గరిటె ఊపింది.

"అమ్మమ్మా, మన బడి రూల్సు. అరవకూడదు. కరవకూడదు. ఏటా సూది!"