అత్తయ్యా, పొటాషియమూ, నా బీఎస్సీ కెమిస్ట్రీ

అత్త లేని కోడలు ఉత్తమురాలన్నారు. కొన్నేళ్ళ కిందట నేను ఆ ఉత్తమురాలి పదవికి వెంట్రుకవాసి దూరందాకా వెళ్ళొచ్చాను, అదీ కొబ్బరినీళ్ళతో. విషం పెట్టిన కోడళ్ళ కథలు మీరు బోలెడు విని ఉంటారు. బలం పెట్టి చంపబోయినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అత్తయ్య తెనాలి నుంచి ఈ పరాయిదేశానికి, కెల్లీవిల్‌లోని మా ఇంటికి వచ్చిన కొత్తలో గుండె కాస్త నీరసించి, కాళ్ళు పొంగాయి. ఒంట్లో చేరిన నీటిని మూత్రం దారిన సాగనంపడానికి నీళ్ళ మాత్ర రాశారు. దాని పనితనానికి నేను ముగ్ధురాలినైపోయాను. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నానికల్లా ఆవిడ చీలమండలు బయటపడేవి. కాకపోతే దానిది పెళ్ళివారి బాపతు, పోతూ పోతూ మన చెప్పులు కూడా వేసుకుపోతుంది. నీటితోపాటు గుండె లయకు కావలసిన పొటాషియాన్నీ పట్టుకుపోతుందట. ఈ ముక్క చెవినపడ్డ రోజునుంచి, బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నేను మా ఇంటి పొటాషియం మంత్రినయ్యాను. పొద్దున అరటిపండు, కాసేపాగి పెండిల్ హిల్‌లోని మనవాళ్ళ కొట్టు నుంచి తెచ్చిన కొబ్బరిబొండాం, భోజనంలో టమాటా పప్పు. అందులో మామూలు ఉప్పు కాదు, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు.

అయినా రక్తంలో పొటాషియం పడిపోతూనే ఉందని గుండె డాక్టరు మాత్ర మార్చింది. విజయవాడ అమ్మాయి, సహనమూర్తి.

"ఆంటీ, ఈ టాబ్లెట్ వేరే టైపు. ఇది..."

"తెలుసమ్మా. నీళ్ళతోపాటు పొటాషియం పోతుంది. నేను కెమిస్ట్రీ గ్రాడ్యుయేట్‌ని."

"అది పాత మాత్ర, ఆంటీ. ఇప్పుడు కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు, ఆ ఉప్పు, అన్నీ ఆపాలి."

"ఆపితే ఎలా? నీళ్ళ మాత్ర ఏదైనా నీళ్ళ మాత్రేగా."

పక్కన అత్తయ్య టెన్నిస్ మ్యాచ్ చూస్తున్నట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. వారం తర్వాత రక్తపరీక్ష చేయించమని డాక్టరు పంపేసింది. చిన్నపిల్ల, దానికేం తెలుసనుకుని, నేను ఆ సాయంత్రమే ఇంకో బొండాం కొట్టాను.

పరీక్ష చేయించిన రోజే ఫోను.

"ఆంటీ, అమ్మమ్మగారికి పొటాషియం బాగా పెరిగిపోయింది. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది."

ఆ దారంతా నేను నోరెత్తలేదు. మా ఆయన భయపడి, అమ్మతోపాటు నన్నూ చూపించాలేమోననుకున్నాడట.

ఎమర్జెన్సీలో అత్తయ్య ఛాతీ నిండా వైర్లు పెట్టారు. అక్కడి కుర్ర డాక్టరు చెబుతుంటే అప్పుడు బుర్రకెక్కింది. ఈ కొత్త మాత్ర నీటిని పోనిస్తుంది, పొటాషియాన్ని మాత్రం పట్టి ఉంచుతుంది. చుట్టాలను గుమ్మం దాకా సాగనంపి, వాళ్ళు తెచ్చిన స్వీటు డబ్బా లోపల పెట్టుకునే ఇల్లాలన్నమాట. అంత కంగారులోనూ ఆ మాత్ర కనిపెట్టిన బుర్రకు లోలోపల దణ్ణం పెట్టుకున్నాను.

"ఈవిడ ఏం తింటున్నారు?" అని అడిగాడు. చెప్పాను. అతను రాయడం ఆపేశాడు.

"ఇవన్నీ తీసుకుంటే ఇంతకంటే చాలా ఎక్కువ ఉండాలే" అన్నాడు. ఆ మాట అత్తయ్యకు మా ఆయన తెలుగులో చెప్పాడు.

"సగమే తాగానని చెప్పరా. తక్కిన సగం నీ చేతే తాగించానుగా" అంది ఆవిడ. మా ఆయన సీలింగు కేసి చూశాడు.

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"ఆ పిల్ల తెలుగులోనే చెప్పింది కదే. నువ్వొక్కదానివే వినలేదు."

"మరి వద్దని నాతో ఒక్కమాట అనొచ్చుగా? ఆ సగం మాత్రం ఎందుకు తాగారు?"

"అంటే వాదిస్తావు. కొబ్బరినీళ్ళంటే ఈ గుండె కాస్తో కూస్తో తట్టుకుంటుంది. నీ వాదన తట్టుకోదే అమ్మాయ్."

మర్నాటికి పొటాషియం దిగొచ్చింది, అత్తయ్య ఇంటికొచ్చింది. ఆవిడ తెలివికి నా డిగ్రీ తాకట్టు పెట్టినా తక్కువే.

నా రెండు కిడ్నీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ డాక్టరైనా సరే, వాక్యం పూర్తిచేసేదాకా నోరు తెరవను. పూర్తయ్యాక సంగతి వేరు.