వెంకటనారాయణ ఎంచుకోలేని కంప్యూటర్ భాష

కారేపల్లిలో వెంకటనారాయణంత జాగ్రత్తగా మిరప విత్తనం కొనేవాడు ఇంకొకడు లేడు. దుకాణంవాడు మొదట చేతిలో పెట్టిన ప్యాకెట్టును ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఇంటికి తేలేదు. కమీషన్ ఎక్కువ ఉన్నదాన్నే ముందు చూపిస్తాడని ఆయన గట్టి నమ్మకం. నాలుగు ఊళ్లు తిరిగి, పదిమంది చేలు చూసి, అప్పుడు కొంటాడు. అందుకే ఆయన పంట ఏటా పక్క చేలకంటే పదిహేను రోజులు వెనక.

యాభై నాలుగో ఏట మోకాళ్లు మొరాయించాయి. నీళ్ల మోటారు వేయడానికి రోజుకు రెండుసార్లు చేనుదాకా నడవాలి. ఫోన్లోంచే మోటారు వేసే ప్రోగ్రాం తానే రాస్తానని పట్టుబట్టాడు.

"బజార్ల రెడీమేడ్‌వి దొరుకుతయి గదా" అంది భార్య నాగలత.

"ఇంటర్‌తో ఆగిన చదువు బజార్ల దొరుకుతదా?" అన్నాడు.

ఖమ్మంలో అతీక్ అనే మాస్టారు పెద్దవాళ్లకు ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాడు. ఉన్నవి ఇరవై సీట్లే. మొదట ఏ భాష నేర్చుకుంటారో ఫారంలో రాయాలి.

"పైథాన్ రాయండి బాబాయ్. కొత్తోళ్లకు సులువు. మీ మోటారు పనికి సరిపోతది" అన్నాడు అతీక్.

మొదటి ప్యాకెట్టు! వెంకటనారాయణ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆరు రోజులు సాఫ్ట్‌వేర్ పిల్లలున్న ఇళ్లన్నీ తిరిగాడు. "నిరుడు మీరేం వేసిండ్రు? దిగుబడి ఎట్లుంది?" అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. బావమరిది కొడుకు ఉదయ్ భాస్కర్ జావా అన్నాడు. ఇంకొకరు సి అన్నారు. మిగిలిన ఏడుగురూ పైథానే అనేసరికి ఆయనకు భయం పట్టుకుంది. అందరూ అదే వేస్తే రేటు పడిపోదూ?

ఫారం ఇవ్వాల్సిన ఆఖరి రోజు నాగలతతో కలిసి వెళ్లేసరికి ఒక్క సీటే మిగిలింది.

"బాబూ, మూడూ ఒక్కోటి నాలుగు సాళ్లు వేసి చూస్తే?"

"ఒక్కటే బాబాయ్. ఐదింటికి బంద్ చేస్త."

ఐదుకు రెండు నిమిషాలున్నాయనగా కూడా ఆయన నోటుబుక్కు తిరగేస్తూనే ఉన్నాడు. నాగలత ఫారం లాక్కుని పైథాన్ అని రాసి, పేరు దగ్గర తన పేరే రాసి ఇచ్చేసింది.

"అది నా సీటు!"

"నీ సీటు నీ నోటుబుక్కులనే ఉంది, చూస్కో."

నాగలత క్లాసులకు పోయిన మూడు నెలలూ ఆయన ఉడుక్కున్నాడు.

అతీక్ వచ్చి, నాగలత రాసిన ప్రోగ్రాం ఎక్కించిన చిన్న పెట్టెను మోటారుకు బిగించి వెళ్లిన మర్నాడు, వెంకటనారాయణ చేలో ఉండగానే మోటారు దానంతటదే తిరిగింది. ఇంటి నుంచి నాగలత ఫోన్ చేసింది.

"నీళ్లు వచ్చినయా?"

ఆయనకు కళ్లు చెమర్చాయి. "వచ్చినయ్" అని, "నాగలతా, నాకూ మొదటి పాఠం నుంచి చెప్తవా?" అన్నాడు.

"చెప్త. దారిల ఎవర్నీ అడగకుంట రా."

గట్టు దిగగానే ఉదయ్ భాస్కర్ ఎదురొచ్చాడు. "మామయ్యా, పైథాన్ కంటే మంచిది ఇంకోటి వచ్చింది..."

వెంకటనారాయణ ఆగలేదు. ఆ మోకాళ్లతోనే పరుగులాంటి నడకతో ఇంటికి పోయాడు.