పేరు మాత్రం మార్చలేదు

మా ఆఫీసు కింది అంగడిలో టీ గ్లాసు పాతదే గానీ, అందులో టీ సగానికి దిగింది. అడిగితే అంగడాయన గ్లాసు చూపిస్తాడు.

అనంతపురంలో మేం కొందరం కలిసి రైతులకోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. మిస్డ్ కాల్ ఇస్తే అదే తిరిగి ఫోన్ చేసి వాన సంగతి చెప్పేది. మొహమాటం లేదు దానికి. "వాన రాదన్నా, విత్తనం ఇంట్లోనే పెట్టుకో" అనేది. ఆ గొంతు మాతో పనిచేసే కుందుర్పి ఊరామెది.

తర్వాత మా కంపెనీ బెంగళూరు కంపెనీలో కలిసిపోయింది. పేరు మార్చొద్దని పట్టుబట్టాం. వాళ్లు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. పేరు, నంబరు, ఆమె గొంతు, అన్నీ ఉంచారు. మాటలు మాత్రం వాళ్లే రాసి పంపారు. రైతు నిరుత్సాహపడకూడదట, అందుకని "రాదు" అనే మాట తీసేశారు. "వర్షానికి అనుకూల సూచనలు ఉన్నాయన్నా" అని ఆమె చదివింది. పేరు నిలిచినందుకు మేం కేకు కోసుకున్నాం.

ఆ తొలకరికి కదిరి దగ్గర ఒక రైతు ఆ ఫోన్ విని, ఉన్న శెనక్కాయలన్నీ విత్తేశాడు. ఆ తర్వాత వాన రాలేదు. ఫిర్యాదులు చూసేది నేనే కాబట్టి చేనికి పోయాను. ఆయన వేలితో మట్టి గీకి, మాడిపోయిన మొలక చూపించాడు.

"మళ్లా విత్తేదానికి గింజ లేదప్పా."

కంపెనీ చేతులు మారిందని, ఆ మాటలు మావి కావని, పేరొక్కటే మాదని చెప్పాను.

"అబద్ధం చెప్పేటప్పుడు పేరన్నా మార్చుకోవల్సింది గదప్పా. కొత్త పేరైతే నేను నమ్ముతాంటినా?"