మైపాడు దారి, కొత్త బ్రేకులు, బావ రాసిన నూనె

ఆరేళ్ల తరవాత మా బావ ఫోను చేశాడు. "వంజరం చేపలు పడినాయి. వస్తావా?" అన్నాడు. వస్తానన్నాను. అంతే, పెట్టేశాం. బావ అంటే మా అక్క భర్త. మైపాడులో సముద్రం ఒడ్డున జాలర్ల పాళెంలో ఉంటాడు. అక్కకు జ్వరం వచ్చినప్పుడు, వేటకు పోయిన పడవ ఒడ్డుకు వచ్చి చేతిలో డబ్బు పడ్డాక తీసుకుపోదాంలే అని రెండు రోజులు ఆగాడు. మూడో రోజు నెల్లూరు ఆస్పత్రికి తెచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది. నేను నలుగురిలో నోరు తెరిచే మనిషిని కాను. ఆ రోజు మాత్రం శవం దగ్గర, అందరూ వింటుండగా, "నువ్వే చంపినావు బావా" అన్నాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఆ మాటకు క్షమాపణ అడగాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. బస్సు ఉండగా సైకిలు మీద ఎందుకంటే, కొత్త బ్రేకులు ఎట్లా ఉన్నాయో చూడాలి. వీటి గురించి తెలుగులో ఎక్కడా చదవలేదు. కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను రైసు మిల్లులో బాయిలరు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి మానేశాను. మోకాళ్లు పట్టేస్తుంటే డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. లావు టైర్ల మౌంటెన్ బైకు ఒకటి సెకండ్ హ్యాండులో తీసుకున్నాను. దాని తీగ బ్రేకులు వానలో పట్టేవి కావు. పోయిన నెల చెన్నై నుంచి హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు తెప్పించాను. పేరున్న కంపెనీవి మూడింతల ధర. ఇవి ఎవరూ పేరు వినని కంపెనీవి, ముందూ వెనకా కలిపి రెండు వేల ఆరు వందలు, బిగించడానికి మూడు వందలు. వీటికి తీగ ఉండదు. సన్నని గొట్టంలో నూనె ఉంటుంది. లివరు నొక్కితే ఆ నూనె తోస్తుంది, చక్రం మధ్యలోని ఇనుప బిళ్లను రెండు ప్యాడ్లు అటూ ఇటూ పట్టుకుంటాయి. నూనె గొట్టం లోపలే ఉండాలి. బయట ఆ బిళ్లకు ఒక్క చుక్క తగిలినా బ్రేకు పట్టదని బిగించిన షాపతను రెండుసార్లు చెప్పాడు. తలూపాను.

ఉదయం అయిదుంబావుకు నెల్లూరులో బయలుదేరాను. ఇందుకూరుపేట మీదుగా అంతా చదునైన తారు రోడ్డు. ఆగుతూ పోయినా రెండు గంటల్లో చేరొచ్చు. కొత్త ప్యాడ్లను కాస్త అరగదీయాలి. వేగంగా పోయి, చక్రం బిగుసుకోకుండా నెమ్మదిగా ఆపాలి. అట్లా ఇరవై సార్లు. ఇందుకూరుపేటలో ఒక టీ అంగడి ముందు నేను ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం చూసి అంగడి ఆయన నవ్వాడు.

"ఏంది పెద్దాయనా, ఈ వయసులో సైకిలు నేర్చుకుంటా ఉండావా?"

"బ్రేకులు చూస్తా ఉండా."

"మన వయసోళ్లకి మోకాళ్లే ఆపతాయి గదయ్యా! బ్రేకులు దండగ. రా, టీ తాగు."

పది రూపాయల టీ, బాగుంది. అక్కడి నుంచి దారి పొడవునా వరి మళ్లు, తరవాత రొయ్యల గుంటలు. ఒక మలుపులో కుక్క అడ్డం వచ్చింది. ఒక్క వేలితో నొక్కాను. సైకిలు చప్పుడు లేకుండా ఆగింది. చెయ్యి నొప్పి పుట్టదు, తడి రోడ్డు మీదా తేడా లేదు. పేరు లేని కంపెనీ అని చులకనగా చూడనక్కర్లేదు. అది నా అనుభవం. మిగతా దారంతా బావతో ఏమనాలో లోపల అనుకుంటూ తొక్కాను. "తప్పయింది బావా." రెండే మాటలు.

ఏడున్నరకు చేరేసరికి బావ ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

"వచ్చినావా."

"వచ్చినా బావా."

"దీని మీదనా? మీ నెల్లూరులో బస్సులు మానేసినారా?"

పక్కింటి కోడలు గోడ మీంచి అంది, "ఏం మామా, బామ్మర్ది వస్తాడని తెల్లారి మూడింటికే లేచి చింతపండు నానబెట్టినావే! ఒక గంట నానితే చాలదంటనా?"

"నీ పని నువ్వు చూసుకో మే," అన్నాడు బావ. చెవులు ఎర్రబడ్డాయి.

బావకిప్పుడు డెబ్బై నాలుగు. వేటకు పోడు. వలలు బాగుచేస్తాడు, పడవ ఇంజన్లు చూస్తాడు, తనే వండుకుంటాడు. మట్టి కుండలో వంజరం పులుసు పెట్టి, పుల్ల మామిడి ముక్కలు వేశాడు. "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. "సరిపోయింది" అన్నాను. అక్క చేసినట్టే ఉందని చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. ఆ రెండు మాటలు కూడా గొంతు దాటలేదు. అన్నం తిని పందిరి కింద పడుకున్నాను.

పాళెంలో ఒక పద్ధతి ఉంది. ఉప్పుగాలికి ఇనుము ఆగదు. అందుకని ఇంటికి వచ్చినవాళ్ల బండిని పోయేలోగా మంచినీళ్లతో తుడిచి, ఇనుము కనపడిన చోటల్లా నూనె రాసి పంపుతారు. అడగరు, చెప్పరు. కావలసినవాళ్లకే చేస్తారు. నేను లేచేసరికి సైకిలు మెరుస్తోంది. చూశాను, సంతోషం వేసింది. బిళ్లల మాట తట్టనే లేదు.

మూడున్నరకు బయలుదేరుతుంటే బావ, "వచ్చే వారం గూడా రా. చేపలు లేకపోయినా రా" అన్నాడు. తలూపాను.

పాళెం నుంచి రోడ్డుకు సిమెంటు వాలు దిగుతుంది. దాని చివర ఐసు పెట్టెలు, వలల కుప్పలు. సగం దిగాక లివర్లు నొక్కాను. కీచుమని అరిచాయి గాని చక్రాలు ఆగలేదు. రెండు చేతులా బిగబట్టాను. సైకిలు జారుతూనే పోయింది. ఎదురుగా ఎండుచేపల గంపతో ఒకామె. పక్కకు తిప్పి వలల మీద పడ్డాను. ఆమెకేమీ కాలేదు. నా మోచెయ్యి చెక్కుకుపోయింది, మణికట్టు బెణికింది. జనం మూగారు. బావ పరుగెత్తుకొచ్చాడు. పై కండువా ఎక్కడో పడిపోయింది.

నేను బిళ్లను వేలితో తాకి చూశాను. జిగురుగా తగిలింది. "దీనికి నూనె రాసినావా?"

"రాసినా. పడవ ఇంజనుకి పోసేది, మంచిది. ఆ బిళ్లలకి రంగు గూడా వెయ్యలేదు రా, తుప్పు పడతాయని దానికే ఎక్కువ..."

"అప్పుడు అక్క. ఇప్పుడు నేనా?"

దారి పొడవునా అనుకున్న రెండు మాటలు రాలేదు. ఇది వచ్చింది, గట్టిగా వచ్చింది. బావ కిందకు వంగి చొక్కా కొసతో ఆ బిళ్లను తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. తలెత్తలేదు. నేను వద్దనలేదు.

బస్సులో సైకిలు ఎక్కించడం కుదరదన్నారు. ఒక ఆటో అతను వెనక కట్టుకుని నెల్లూరు దాకా అయిదు వందలు తీసుకున్నాడు. దారిలో అడిగాడు, "చీప్ బ్రేకులా తాతా?" "కాదు, మంచియ్యే" అన్నాను.

బిళ్లలను స్పిరిట్ తో నాలుగుసార్లు కడిగితే బాగయ్యాయి. నూనె పీల్చిన ప్యాడ్లు పారేయాల్సి వచ్చింది. ఈ కంపెనీ ప్యాడ్లు నెల్లూరులో దొరకలేదు. చెన్నై నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది. అదొక్కటే వీటితో ఇబ్బంది. కొనేటప్పుడే ఒక జత అదనంగా తెప్పించుకోండి. ఇప్పుడు మళ్లీ ఒక్క వేలికి ఆగుతున్నాయి.

బావకు మూడుసార్లు ఫోను చేశాను. మోగి ఆగిపోయింది. నాలుగోసారి పక్కింటి కోడలు ఎత్తింది. "మామ ఒడ్డుకి పోయినాడు" అంది. వెనకనే ఆయన దగ్గు వినిపించింది. ఆయన చేసింది తెలియక చేసిన పని. అక్క విషయంలోనూ అంతే కావచ్చని ఈ వయసులో అనిపిస్తోంది. నేను అన్నవి మాత్రం, రెండుసార్లూ, తెలిసి అన్నవే. బస్సెక్కి పోయి గుమ్మంలో నిలబడవచ్చు. నిలబడ్డాక నోరు పెగులుతుందన్న నమ్మకం లేదు.

డిస్కు బ్రేకుల సైకిలు మీద సముద్రం ఒడ్డు ఊళ్లకు పోయేవాళ్లకు ఒకటే సలహా. దిగీ దిగగానే, ఇచ్చిన నీళ్లు తాగకముందే, "ఈ బిళ్లకు నూనె తగలకూడదు" అని ఇంటివాళ్లకు చూపించి చెప్పండి. మర్యాదగా ఉండదేమోనని మొహమాటపడకండి. నా మొహమాటం మంచి మాట చెప్పాల్సినప్పుడే అడ్డం వచ్చింది, చెడ్డ మాటకు రాలేదు.