లెమ్యూల్ గట్టిగా పలికిన పేరు

“రేపు కోర్టు ముందు ఆ పేరు పలికావంటే, ఈ చలికాలం బిడ్డని ఎక్కడ పడుకోబెట్టమంటావు నాన్నా? నీ బల్లకట్టు మీదా?”

పర్మీలియా అలా అడుగుతుంటే తండ్రి లెమ్యూల్ ప్రూయిట్ బల్లకట్టు తాడుకు పందికొవ్వు పట్టిస్తూ కూర్చున్నాడు. కెంటకీలో ఆ రేవు దగ్గర నది దాటాలంటే ఆయనే దిక్కు. అవతలి గట్టు నుంచి “ఓ ప్రూయిట్!” అని కేక వినపడితే చాలు, ఎంత వానలోనైనా వెళ్లి దాటించేవాడు. భార్య పోయింది. అల్లుణ్ణి జ్వరం తీసుకుపోయింది. కూతురూ, పాలు తాగే మనవరాలూ మిగిలారు. వాళ్లుండే గుడిసె, పక్కనున్న మొక్కజొన్న చేను, ఆఖరికి ఆ రేవు కూడా మేజర్ వాస్ దొరగారివే.

గవర్నరు పదవికి మేజరుగారు నిలబెట్టినవాడు కర్నల్ లైల్. ఎదుటివాడు థ్రెల్‌కెల్డ్. అడవి నరికి సాగుచేసుకున్నవాళ్లను ఊరికే వెళ్లగొట్టకుండా చట్టం తెస్తానన్నాడు థ్రెల్‌కెల్డ్. కౌలుదార్లంతా ఆయనవైపే. అయితే అక్కడ ఓటంటే కోర్టు ముందు షెరీఫు అడిగినప్పుడు పదిమందీ వినేలా నోటితో పేరు చెప్పడమే. అందుకే మొదట లెమ్యూల్ పలకాలనీ, ఆ వెనకే తామంతా పలకాలనీ అనుకున్నారు. నది దాటి వినిపించే గొంతు ఆయనది మరి.

“నీకు భయంగా ఉందా అమ్మాయ్?” తాడు చుట్టిపెడుతూ అడిగాడు లెమ్యూల్.

“నాకెందుకు భయం? నా బెంగంతా ఒళ్లో ఉన్న దీని గురించే.”

మర్నాడు కోర్టు ముందర ఓటర్లకని సారా పీపా పెట్టారు. దాన్ని మోసుకొచ్చిన మేజరుగారి బానిసలకు ఓటు లేదు. దూరంగా చెట్టు నీడన నిలబడ్డ ఆడవాళ్లకూ లేదు. వాళ్లలో పర్మీలియా బిడ్డనెత్తుకుని ఉంది.

“గొంతు సవరించుకో మామా,” వెనకనుంచి పొరుగు కౌలుదారు ఓబెడ్ స్టాన్సిల్ నవ్వాడు. “నీళ్లలో చేపలక్కూడా వినపడాలి!”

షెరీఫు పక్కన కుర్చీ వేసుకుని మేజరుగారు కూర్చున్నారు. “ఏం లెమ్యూల్, మనవరాలికి దగ్గు తగ్గిందా? మీ గుడిసెలో ఈదురుగాలి ఎక్కువనుకుంటా,” అన్నారు చల్లగా.

లెమ్యూల్ కూతురి వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

“కర్నల్ లైల్,” అన్నాడు లెమ్యూల్. గట్టిగానే అన్నాడు. ఆయనకు నెమ్మదిగా మాట్లాడడం చేతకాదు.

మేజరుగారు లేచి, టోపీ తీసి, నడుం వంచారు. “మీ మేలు మరిచిపోను ప్రూయిట్ గారూ!” పుట్టి బుద్ధెరిగాక లెమ్యూల్‌ని ‘గారూ’ అన్నవాడు లేడు. ఆ వెనక వచ్చిన కౌలుదార్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చాలామంది లైల్ పేరే చెప్పారు. ఓబెడ్ మాత్రం థ్రెల్‌కెల్డ్ పేరు చెప్పి, లెమ్యూల్ కాళ్ల ముందు ఉమ్మేసి వెళ్లాడు.

లైల్ గెలిచాడు. అప్పట్నుంచి అవతలి గట్టున ఎవరూ ప్రూయిట్‌ని పిలవలేదు. “ఓ కర్నల్ లైల్! బల్లకట్టు తేవయ్యా!” అని కేకేసి నవ్వేవారు. ఆ కేకకూ ఆయన వెళ్లేవాడు. పంట కోతకు రాకముందే ఓబెడ్‌ని చేనులోంచి పొమ్మన్నారు. పెళ్లాం బిడ్డలతో, బండితో ఆ బల్లకట్టు మీదే నది దాటాడు. దిగేటప్పుడు, “మమ్మల్నెందుకు పొమ్మన్నారో మాకు తెలుసు. నిన్నెందుకు ఉంచారో నీకూ తెలుసు మామా,” అన్నాడు.

ఉంచింది కూడా చలి తగ్గేదాకానే. మేజరుగారు రేవును, గుడిసెతో చేనుతో సహా, వర్జీనియా నుంచి వచ్చిన ఓ షావుకారుకు అమ్మేశారు. ఆయనకు సొంత పడవలు, సొంత మనుషులు ఉన్నారు. పర్మీలియా బిడ్డనెత్తుకుని మేజరుగారి దగ్గరికి పరుగున పోయింది.

“మేలు మరిచిపోనని మాటిచ్చారు కదా దొరగారూ!”

“మరిచిపోతే కదమ్మా! బాగా గుర్తుంది. అందుకేగా టోపీ తీసి వంగాను. అంతకంటే ఏం మాటిచ్చాను?” అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఊరి చివర తోళ్లు ఊని పదునుచేసే చోట ఓ పాక దొరికింది. ఆ కంపులోనే కాపురం. నదిలో బతికిన మనిషి సున్నపు గుంటల్లోంచి పచ్చితోళ్లు లాగుతూ చేతులు పుళ్లు చేసుకున్నాడు. ఆ చేతులకు గుడ్డ చుడుతూ పర్మీలియా ఏడ్చింది. “ఏం చేసినా బిడ్డ కోసమే చేశాం కదా నాన్నా.”

లెమ్యూల్ చేతులు విదిలించుకున్నాడు. కూతురి మీద ఆయన కోప్పడడం అదే మొదలు. అప్పుడాయన అన్నమాటను పర్మీలియా ఇప్పటికీ పాటిస్తోంది. ఆమె నోట విన్నాక, ఇరుగుపొరుగున చిన్నపిల్లలున్న మేమూ పాటిస్తున్నాం.

“ఆ మాటనకు. పాలు తాగే పిల్ల నన్ను ఏ పేరూ పలకమనలేదు. భయపడింది నువ్వూ నేనూ. భయపడితే తప్పులేదు, దాన్ని తీసుకెళ్లి పసిదాని నెత్తిన పెట్టామే, అదే తప్పు. ఇకమీదట ఎక్కడైనా తలవంచాల్సొస్తే వంచు. కానీ ‘నాకు భయంగా ఉంది’ అని నీ నోటితో చెప్పి మరీ వంచు. బిడ్డ పేరు మాత్రం ఎత్తకు.”